కోళ్ళకు పురుగు పట్టింది, పత్తి మందులో ముంచొచ్చా?

నర్సంపేట దగ్గరి ఒక పల్లె నుంచి వచ్చిన ఉత్తరం ఇది:

"సార్, మాకు పన్నెండు నాటుకోళ్ళు, నాలుగు రాజశ్రీ పెట్టలు ఉన్నయి. వానలు తగ్గినప్పటి నుంచి గుడ్లు బాగా తగ్గినయి. పొదగేసిన పెట్ట ఒకటి గుడ్లు వదిలేసి లేచిపోయింది. ఇంకొకటి గంప కిందనే చచ్చిపోయింది. గుడ్లు తీద్దామని చెయ్యి పెడితే సన్నటి పురుగులు చేతి మీదికి పాకుతున్నయి. పిల్లలకు ఒళ్ళంతా దురద. పుంజుకు కాళ్ళ మీద పొలుసులు లేచి గరుకుగా అయినయి. పక్కింటి అన్న పత్తికి కొట్టే మందు బకెట్ల కలిపి ఒక్కసారి ముంచి తీస్తే అన్నీ పోతయి అంటున్నడు. ముంచొచ్చా? ఈ పురుగులు మనుషులకు ఎక్కుతయా? గుడ్లు పిల్లలకు పెట్టొచ్చా? టెన్షన్‌గా ఉంది, తొందరగా చెప్పండి."

చెల్లెమ్మా, ముందు ఒక్క మాట. ముంచొద్దు. మీ పక్కింటాయన మీ మంచి కోరే చెప్పి ఉంటాడు, కానీ ఆ బకెట్ జోలికి మాత్రం పోవద్దు. పత్తి మీద కొట్టే మోనోక్రోటోఫాస్, క్లోరిపైరిఫాస్ లాంటి మందులు నరాల మీద పనిచేస్తాయి. పురుగు నరాలకు, కోడి నరాలకు, మనిషి నరాలకు వాటికి తేడా తెలియదు. అందులోనూ మోనోక్రోటోఫాస్ అంటే పక్షులకు ప్రాణాంతకం. 1995-96లో అర్జెంటీనాలో మిడతల కోసం పొలాల మీద ఈ మందు చల్లితే, ఆ మిడతలను తిన్న గద్దలు వేల సంఖ్యలో రాలిపోయాయి. కోడిని ముంచితే చర్మం నుంచి కొంత లోపలికి పోతుంది. ఆ తర్వాత అది ముక్కుతో ఈకలు దువ్వుకుంటుంది కదా, మిగతాది కడుపులోకి పోతుంది. మందు కలిపిన బకెట్ మళ్ళీ మీ ఇంట్లోకే వస్తుంది. 2013 జూలైలో బీహార్‌లోని సారణ్ జిల్లాలో బడి భోజనంలో ఇదే మోనోక్రోటోఫాస్ కలిసి 23 మంది పిల్లలు చనిపోయారు. పొలం మందు పొలంలోనే ఉండాలి. మీరు ఉత్తరం రాసే లోపే ఎవరైనా ఒక కోడిని ముంచి ఉంటే, చేతులకు కవర్లు తొడుక్కుని వెంటనే దాన్ని సబ్బు నీళ్ళతో బాగా కడగండి. చొంగ కారుతున్నా, తూలుతున్నా, ఊపిరి కష్టంగా తీస్తున్నా ఆలస్యం చేయకుండా పశువుల డాక్టర్‌కు చూపించండి.

ఇక అసలు సంగతికి వద్దాం. మీరు "పురుగులు" అని రాశారు గానీ ఏ పురుగులో రాయలేదు. మొత్తం వైద్యం దాని మీదే ఆధారపడి ఉంటుంది. కొన్ని పురుగులు పుట్టింది మొదలు చచ్చేదాకా కోడి ఒంటి మీదే ఉంటాయి. కొన్ని పగలంతా గూటి గోడల్లో దాక్కుని, రాత్రి మాత్రమే వచ్చి రక్తం తాగిపోతాయి. మొదటి రకానికి గూడు కడిగితే లాభం లేదు. రెండో రకానికి కోడికి ఎంత మందు రాసినా పది రోజుల్లో మళ్ళీ మొదటికే వస్తుంది. ఊళ్ళలో "ఎన్ని మందులు వాడినా పోవట్లేదు సార్" అని చెప్పేవాళ్ళలో ఎక్కువ మంది రెండో రకానికి మొదటి రకం వైద్యం చేస్తున్నవాళ్ళే. అందుకే మందు కొనే ముందు రెండుసార్లు చూడండి, పగలు ఒకసారి, రాత్రి ఒకసారి.

పగలు చూసేటప్పుడు కోడిని ఒడిలో వెల్లకిలా కాకుండా పక్కకు పట్టుకోండి. తోక కింద, గుడ్డు వచ్చే చోట ఈకలను వేళ్ళతో విడదీసి ఎండ వెలుతురులో చూడండి. ఎండ తగలగానే గడ్డి రంగులో, రెండు మూడు మిల్లీమీటర్ల పురుగులు గబగబా ఈకల్లోకి పరుగెడితే అవి పేన్లు. ఈకల మొదళ్ళలో తెల్లగా గుత్తులుగా అంటుకున్నవి వాటి ఈపులు. ఇవి ఎక్కువగా ఈకల పొడి, చర్మం పొట్టు తిని బతుకుతాయి. కోడికి ఒకటే చిరచిర, నిద్ర ఉండదు, మేత తగ్గుతుంది, గుడ్డు తగ్గుతుంది. రెక్కల కింద, మెడ మీద, తల మీద కూడా చూడండి. ఒక కోడిని చూసి అన్నిటికీ అదే అనుకోవద్దు, కనీసం నాలుగైదింటిని చూడాలి.

అదే చోట ఈకలు మసి పట్టినట్టు నల్లబడి, మురికిగా అంటుకుపోయి, నల్లటి ఎర్రటి చుక్కలు నెమ్మదిగా కదులుతుంటే అవి నల్లులు (మంచాల్లో ఉండే నల్లులు కావు). మిరపలో ఎర్రనల్లి చూసే ఉంటారు, దాని చుట్టాలే ఇవి. కాకపోతే ఇవి ఆకు రసం బదులు కోడి రక్తం తాగుతాయి. వీటిలో ఒక రకం మన లాంటి వేడి ప్రాంతాల్లో కోడి మీదా ఉంటుంది, పొదిగే గంపలోని గడ్డిలోనూ పెరుగుతుంది. మీరు గుడ్లు తీస్తుంటే చేతి మీదికి పాకినవి ఇవే అయ్యే అవకాశం ఎక్కువ. పేను కోడిని వదిలి అంత తొందరగా రాదు.

రాత్రి పరీక్ష ఇంకా ముఖ్యం. కోళ్ళు గూట్లోకి చేరి చీకటి పడిన గంట రెండు గంటలకు టార్చి పట్టుకుని వెళ్ళండి. అవి కూర్చునే కర్ర అడుగు భాగాన్ని తెల్ల గుడ్డతో గట్టిగా తుడవండి. గుడ్డ మీద ఎర్రటి మరకలు పడితే అది నల్లులు తాగిన రక్తం. కర్ర గోడకు ఆనే చోట, రేకు మడతల్లో, తలుపు బందుల దగ్గర బూడిద చల్లినట్టు కనిపిస్తే అవి దాక్కునే చోటు అదే. గోడ పగుళ్ళలో చదునుగా, గోధుమ రంగులో, తోలులా గట్టిగా ఉండే పెద్ద పురుగులు కనిపిస్తే అవి కోడి పిడుదులు. మీ వైపు గోమార్లు అనే అంటారేమో. వీటి పిల్లలు కోడి రెక్కల కింద నల్లటి గింజల్లా కొన్ని రోజులు అతుక్కుని ఉంటాయి, పెద్దవి మాత్రం రాత్రి వచ్చి తాగి వెళ్ళిపోతాయి. ఖాళీ గూట్లో కూడా నల్లులు నెలల తరబడి, పిడుదులు ఏడాదికి పైగా తిండి లేకుండా బతకగలవు. "కొన్నాళ్ళు గూడు వాడకుండా వదిలేశాం, అయినా మళ్ళీ వచ్చాయి" అనేవాళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

మీ పొదిగే పెట్టలు రెండూ ఎందుకు దెబ్బతిన్నాయో ఇప్పుడు అర్థమవుతుంది. మిగతా కోళ్ళు పగలంతా తిరుగుతాయి, మట్టిలో పొర్లాడతాయి, ఒళ్ళు దులుపుకుంటాయి. పొదిగే పెట్ట ఇరవై ఒక్క రోజులు ఒకే చోట కూర్చుంటుంది. మేతకు లేచేదే కాసేపు. నల్లులకు రాత్రీ పగలూ అదే దొరుకుతుంది. లేచిపోయిన పెట్ట తల్లి గుణం లేనిది కాదు, కూర్చోలేక లేచింది. చనిపోయిన పెట్ట విషయంలో, దాని తురాయి (నెత్తి మీద ఎర్రగా ఉండేది) తెల్లబడి ఉందా అన్నది గుర్తు చేసుకోండి. తెల్లబడి ఉంటే రక్తం తక్కువై పోయి ఉంటుంది. కడుపులో ఏలిక పాములున్నా తురాయి తెల్లబడుతుంది కాబట్టి, మిగిలిన వాటికి ఆ మందు కూడా అడిగి వేయించండి.

ఇప్పుడు చికిత్స. ఒంటి మీద పేన్లు, నల్లులు ఉంటే పశువుల మందుల షాపులో దొరికే డెల్టామెత్రిన్ (బ్యూటాక్స్ పేరుతో మీకు తెలిసే ఉంటుంది) లేదా సైపర్‌మెత్రిన్ మందును డాక్టర్ చెప్పిన పాళ్ళలో కలిపి వాడాలి. సీసా మీద సాధారణంగా గేదెల లెక్క ఉంటుంది, కోడికి ఎంత అన్నది అడిగి రాయించుకోండి. మూతతో కొలవకండి, సిరంజితో కొలవండి. ఎండ బాగా ఉన్న రోజు పొద్దున్నే పెట్టుకోండి, సాయంత్రం తడిస్తే చలికి ముడుచుకుని కొత్త రోగం తెచ్చుకుంటాయి. తల, కళ్ళు, నోరు నీళ్ళలో మునగకుండా మెడ వరకే తడపాలి. ఈకలను ఎదురుగా దువ్వితేనే మందు చర్మం దాకా పోతుంది. పైపైన చిలకరిస్తే ఈకల మీదే ఆరిపోతుంది. ఈ మందు చేపలకు, పిల్లులకు, తేనెటీగలకు పనికిరాదు. మిగిలిన నీళ్ళు కుంట వైపు పారబోయకండి.

తడపడం ఇష్టం లేకపోతే పొడి మందు అడగండి. పాత పౌడర్ డబ్బా మూతకు బెజ్జాలు పెట్టి తోక కింద, రెక్కల కింద, మెడ చుట్టూ ఈకల మొదళ్ళలోకి చల్లి వేళ్ళతో రుద్దాలి. ఇంట్లో అటక మీద ఎప్పటిదో గమాక్సిన్ పొడి ఉందనో, సెవిన్ పొడి ఉందనో తీసి వాడకండి. గమాక్సిన్‌గా అమ్మిన బీహెచ్‌సీని మన దేశంలో 1997లో నిషేధించారు. సెవిన్‌లో ఉండే కార్బరిల్‌ను 2018లో నిషేధించారు.

ఏ మందైనా ఈపులను చంపదు. మొదటిసారి వేసినప్పుడు నడిచే పురుగులు పోతాయి, ఈపులు అలాగే ఉండి వారంలోపు పగులుతాయి. ఆ కొత్తవి పెద్దవై మళ్ళీ గుడ్లు పెట్టకముందే రెండోసారి వేయాలి. అంటే ఏడు నుంచి పది రోజుల మధ్య. ఆ తర్వాత ఇంకో వారానికి మళ్ళీ ఈకలు విడదీసి చూసి, కనిపిస్తే మూడోసారి. క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకోండి. మొదటిసారికే కోడి హుషారుగా కనిపిస్తుంది, అందుకే చాలామంది రెండోసారి మర్చిపోతారు. అన్ని కోళ్ళకూ ఒకే రోజు వేయాలి, బాగున్న వాటితో సహా.

గూటి పని ఒళ్ళు వంచి చేయాల్సిన పని, కానీ మీ కేసులో గెలుపు ఇక్కడే. కోళ్ళకు మందు వేసే రోజే గూడు కూడా ఖాళీ చేయండి. గంపలోని గడ్డి, ఊక, పెంట అంతా ఊడ్చి దూరంగా కాల్చేయండి. పెంటకుప్పలో వేస్తే అక్కడి నుంచి మళ్ళీ నడిచి వస్తాయి. కర్రలు, గంపలు బయటకు తీసి మరిగే నీళ్ళు పోయండి. గోడ పగుళ్ళలో, మూలల్లో గీకి, గూటికి కొట్టమని డాక్టర్ చెప్పిన మందును స్ప్రేతో లోపలిదాకా కొట్టండి. పైన గోడంతా తడిపితే సరిపోదు, సందుల్లోకి పోవాలి. ఆరాక పగుళ్ళను మట్టి, పేడతో గానీ సిమెంటుతో గానీ పూడ్చి సున్నం వేయండి. కోళ్ళు కూర్చునే కర్రకు తొర్రలు, బెరడు ఉంటే తీసేసి నున్నటి కర్ర పెట్టండి. వారానికి ఇదే పని ఇంకోసారి. ఇనుప జాలి గూడైతే కొందరు మంటతో కాలుస్తారు, అది బాగా పనిచేస్తుంది. అయితే దగ్గర్లో గడ్డివాము గానీ పత్తి కట్టె గానీ ఉంటే ఆ ఆలోచన మానుకోండి.

పత్తి కట్టె అంటే గుర్తొచ్చింది. మన వరంగల్ వైపు పత్తి ఏరడం అయిపోయాక కట్టెను పొయ్యికోసం గూడు పక్కనే గోడకు ఆనించి పేరుస్తారు. కోళ్ళు దాని మీదే ఎక్కి పడుకుంటాయి. పిడుదులు దాక్కోవడానికి అంతకంటే మంచి చోటు ఉండదు. ఆ కుప్పను గూటికి దూరంగా జరపండి.

మీరు అడగలేదు గానీ ఇంటి చిట్కాల గురించి చెప్పాలి, ఎందుకంటే తప్పకుండా ఎవరో ఒకరు చెబుతారు. కోడికి అసలైన స్నానం మట్టిస్నానమే. వానకాలమంతా వాకిలి బురదగా ఉండి మీ కోళ్ళకు పొర్లాడే చోటు దొరికి ఉండదు, పురుగు పెరగడానికి అదొక కారణం. రేకు కింద వాన పడని చోట రెండడుగుల వెడల్పు, అడుగు లోతు గుంత తీసి, జల్లించిన పొడిమట్టి, చల్లారిన కట్టెపొయ్యి బూడిద కలిపి నింపండి. ప్లాస్టిక్ కవర్లు కాల్చిన బూడిద వద్దు. మిర్చి రైతులు బూడిద తెగులుకు వాడే గంధకం పొడిని పది పాళ్ళ మట్టికి ఒక పాలు కలిపితే పేన్లు, నల్లులు రెండూ బాగా తగ్గుతాయి. దాన్ని నిప్పుకు దూరంగా ఉంచండి, కలిపేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోండి. బూడిద తడిస్తే చర్మాన్ని కాలుస్తుంది, తడిసిందనిపిస్తే మార్చేయండి. గంపలో వావిలాకు వేసే పాత అలవాటు మంచిదే, పురుగును దూరం పెట్టడానికి పనికొస్తుంది, కానీ పట్టిన పురుగును అది ఒక్కటే వదిలించలేదు. సీతాఫలం గింజల పొడి పేన్లను చంపేమాట నిజం. కానీ అది కంట్లో పడితే కోడికైనా మనిషికైనా కన్ను తీవ్రంగా దెబ్బతింటుంది. చిన్నపిల్లలున్న ఇంట్లో అది వద్దని నా గట్టి సలహా. పొగాకు కషాయం కూడా వద్దు, అందులోది విషమే.

పుంజు కాళ్ళ సంగతి వేరు. అది పొలుసుల కిందకు దూరి బతికే కంటికి కనపడని నల్లి. పొలుసులు లేచి, కాలు లావై, ముదిరితే కుంటుతుంది. గోరువెచ్చటి సబ్బు నీళ్ళలో కాళ్ళు కాసేపు నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో మెల్లగా రుద్ది, తుడిచి, కొబ్బరినూనె గానీ వేపనూనె గానీ వాజలిన్ గానీ మందంగా రాయండి. నూనెకు గాలి ఆడక నల్లి చస్తుంది. రెండు మూడు రోజులకోసారి చొప్పున కొన్ని వారాలు చేయాలి. పొలుసులను గోటితో పీకొద్దు, రక్తం వస్తుంది. కిరసనాయిల్‌లో, పాత ఇంజన్ ఆయిల్‌లో కాళ్ళు ముంచడం మన దగ్గర ఉంది, చర్మం కాలిపోతుంది, మానేయండి. మిగతా కోళ్ళ కాళ్ళు కూడా చూడండి, ఒకదాని నుంచి ఒకదానికి నెమ్మదిగా పాకుతుంది. ముదిరిందంటే డాక్టర్ ఐవర్‌మెక్టిన్ ఇవ్వొచ్చు. గేదెల కోసం తెచ్చిన ఇంజక్షన్‌ను మీరే కోడికి వేయకండి. అంత చిన్న ప్రాణికి చుక్క తేడా వచ్చినా ఎక్కువే, పైగా అది గుడ్లలోకి వస్తుంది.

పిల్లల దురద గురించి భయపడకండి. కోడి పేను మనిషి మీద బతకదు, పిల్లల తల పేన్లకూ దీనికీ సంబంధం లేదు. నల్లులు మాత్రం మనిషిని కుడతాయి, దద్దుర్లు వస్తాయి, కానీ మన ఒంటి మీద కాపురం పెట్టవు. స్నానం చేయించి, బట్టలు వేడినీళ్ళలో ఉతికి ఎండలో ఆరేయండి. పిల్లలు పడుకునే గది కిటికీ పక్కనే గూడు ఉంటే జరపండి. గూడు బాగుపడ్డ కొద్ది రోజులకు దురద దానంతట అదే పోతుంది. పోకపోతే పిల్లల డాక్టర్‌కు చూపించాలి, గజ్జి కూడా అయి ఉండొచ్చు.

గుడ్లు ఇప్పటికైతే కడిగి, బాగా ఉడికించి పెట్టొచ్చు. పురుగు వల్ల గుడ్డుకు ఏమీ కాదు. మందు వేశాక మాత్రం ఎన్ని రోజులు గుడ్లు, మాంసం తినకూడదో డాక్టర్‌ను అడిగి అన్ని రోజులూ ఆగండి. అంగన్‌వాడీకో, పక్కింటికో అమ్మేవాళ్ళైతే ఆ గుడ్లు అమ్మకూడదు కూడా.

ఇంకో చిన్న విషయం. అన్ని కోళ్ళకూ కొద్దికొద్దిగా ఉండి, ఒక్కదానికి మాత్రం ఒళ్ళంతా కుప్పలుగా ఉంటే, దాని ముక్కు చూడండి. ముక్కు కొస విరిగినా, కత్తిరించినా కోడి ఈకలు దువ్వుకోలేదు, పురుగు అక్కడ పేరుకుపోతుంది. ముక్కు బాగానే ఉంటే లోపల ఇంకేదో జబ్బుంది, నీరసంతో ఒళ్ళు దులుపుకోవడం మానేసింది.

మళ్ళీ పొదగేయాలంటే గూటికి రెండోసారి మందు అయ్యేదాకా ఆగండి. పెట్టకు పొదగేసే ముందే మందు వేయండి, గంపలో కొత్త గడ్డి పరచండి. కోడిపిల్లలు దిగాక వాటికి ఏ మందూ కొట్టొద్దు. తల్లికోడి నుంచి వాటి తలకు పేన్లు ఎక్కుతాయి, చిన్న కోడిపిల్లల ప్రాణం తీస్తాయి కూడా. తల వెనక ఒక చుక్క కొబ్బరినూనె వేలితో రాస్తే చాలు. అంగడి నుంచి కొత్త కోడిని తెస్తే రెండు మూడు వారాలు వేరే గంప కింద పెట్టి, ఈకలు చూశాకే మందలో కలపండి. దసరాకో, జాతరకో తెచ్చిన పుంజును కోసేదాకా మందలోనే వదిలేస్తారు, చాలా ఇళ్ళలో పురుగు వచ్చేది అక్కడి నుంచే.

గూట్లో పిడుదులు కనిపించి, కోడికి ఒళ్ళు కాలిపోతూ, ఆకుపచ్చగా పారుతూ, కాళ్ళు నిలవక తూలుతుంటే ఇంటి వైద్యం ఆపేయండి. పిడుదులు ఒక రకం జ్వరాన్ని అంటిస్తాయి, తొందరగా పట్టుకుంటే పెన్సిలిన్‌తో తగ్గుతుంది. కొక్కెర తెగులులో కూడా ఆకుపచ్చ పారుడు ఉంటుంది, ఏది ఏదో చూసి చెప్పాల్సింది డాక్టరే. మీ మండల పశువుల ఆస్పత్రికి వెళ్ళొచ్చు, 1962కు ఫోన్ చేసి అడగొచ్చు. వరంగల్ వైపు వచ్చే పని ఉంటే మామునూరులో పశువైద్య కళాశాల, కృషి విజ్ఞాన కేంద్రం రెండూ ఉన్నాయి. వెళ్ళేటప్పుడు నాలుగు పురుగులను సెల్లోటేపుకు అంటించి గానీ, చిన్న సీసాలో వేసి గట్టిగా మూత పెట్టి గానీ తీసుకెళ్ళండి. ఒకటి కోడి మీద నుంచి, ఒకటి గూటి గోడ నుంచి వేరువేరుగా పట్టి, ఏది ఎక్కడిదో సీసా మీద రాయండి. వాటిని చూస్తే డాక్టర్‌కు ఏ మందు రాయాలో వెంటనే తెలుస్తుంది.